అడిక్‌మెట్ జాగీరు నుండి ఆర్ట్సు కాలేజీ వరకు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు కనుక ఆ జోలికి నేను పోను. 1972లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. ఆ ముప్పయ్యారేళ్ళలో అధిక భాగం రికార్డు గదిలోనే గడిచింది. కాబట్టి నాకు వచ్చిన విద్య ఒక్కటే. ఈ భూమి ఎవరిది, అంతకు ముందు ఎవరిది, ఆ ముందు ఎవరిది అని బస్తాలు విప్పుకుంటూ వెనక్కి పోవటం. ఈ రోజు మనం కూర్చున్న ఈ తార్నాక, రోడ్డుకు అవతల ఉన్న ఉస్మానియా ఆవరణ, వీటి గురించి ఆ పనే చేద్దామని వచ్చాను.

ఈ మధ్య మా మనవరాలు ఫోనులో ఒక సందేశం చూపించింది. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. "ఉస్మానియా విశ్వవిద్యాలయానికి భూమి దానం చేసిన నర్తకి" అని రాసి, ఒక బొమ్మ పెట్టారు. ఆమె పేరు మాహ్ లఖా బాయి. "తాతయ్యా, ఇది నిజమేనా?" అని అడిగింది. నేను ఒక్క లెక్క వేసి చూపించాను. ఆమె చనిపోయినది 1824లో. విశ్వవిద్యాలయం స్థాపన 1918లో. మధ్యన తొంభైనాలుగేళ్ళు. పుట్టని బిడ్డకు ఎవరైనా పొలం రాసి ఇస్తారా? అయితే ఆ సందేశంలో ఉన్నదంతా అబద్ధమా అంటే, అదీ కాదు. ఆ నేలకూ ఆమెకూ ఉన్న సంబంధం నిజమే. దానం అన్న మాటే అతకదు. ఎందుకు అతకదో చెప్పాలంటే జాగీరు అంటే ఏమిటో చెప్పాలి. అది ఈనాటి పిల్లలకు బొత్తిగా తెలియదు. మనలో కూడా కొందరు పేరు విన్నవారే తప్ప సనదు చూసినవారు కారు.

ముందు ఆమె సంగతి. మాహ్ లఖా బాయి 1768లో జన్మించింది. అసలు పేరు చందా బీబీ. కవితలలో "చందా" అనే పేరే పెట్టుకునేది. రెండవ నిజాము నిజాం అలీ ఖాన్ కొలువులో గాయనిగా, కవయిత్రిగా, వేటలోనూ యుద్ధ యాత్రలలోనూ నిజాముతో పాటు గుర్రం మీద వెళ్ళిన మనిషిగా పేరు పొందింది. చంద్రముఖి అన్న అర్థం వచ్చే ఆ బిరుదు కూడా కొలువు ఇచ్చినదే. ఆమె ఉర్దూ గజళ్ళ సంపుటి ప్రతి ఒకటి 1799లో కెప్టెన్ జాన్ మాల్కమ్ అనే ఇంగ్లీషు దొరకు బహుమానంగా ఇచ్చింది. అది ఈనాటికీ లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. మన రికార్డు గదులలో ఉండి ఉంటే ఏమయ్యేదో, చెదలకే తెలియాలి.

ఆమెకు నిజాము ఇచ్చిన జాగీరులలో అడిక్‌మెట్ ఒకటి. ఇప్పటి విశ్వవిద్యాలయం ఆవరణ ఆ ప్రాంతంలోనిదే. ఆవరణలో ఆమె పేరుతో చెప్పుకునే మెట్లబావి ఒకటి ఉన్నది. ఏళ్ళ తరబడి చెత్తతో నిండిపోయినదానిని ఈ మధ్య సంవత్సరాలలో పూడిక తీసి బాగుచేశారు. ఎండాకాలం నీళ్ళు చూసినవారు నమ్మలేకపోయారు.

ఇక జాగీరు. సర్కారువారు ఒకరికి ఒక ఊరు జాగీరుగా ఇచ్చారంటే, ఆ ఊరి మట్టి ఇచ్చినట్టు కాదు. ఆ ఊరి శిస్తు వసూలు చేసుకొని అనుభవించే హక్కు ఇచ్చినట్టు. పొలం దున్నే రైతు రైతే. అతని పైన సర్కారుకు బదులుగా జాగీరుదారు కూర్చుంటాడు. జాగీరుదారు కన్ను మూస్తే జాగీరు తిరిగి సర్కారుది. వారసులు దరఖాస్తు పెట్టుకోవాలి, విచారణ జరగాలి, నజరానా చెల్లించాలి, అప్పుడు కొత్తగా మంజూరు. ఆ మంజూరు కాగితాన్నే ముంతఖబు అంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా రికార్డు గదిలో ఒక పెద్ద మౌల్వీ సాబు ఉండేవారు. శికస్తా రాత, అంటే ఆ విరిగిన ఉర్దూ రాత, చదవటం నాకు ఆయనే నేర్పారు. ఆయన అంటుండేవారు, "బేటా, జాగీరుదారు ఊరికి యజమాని కాదు, ఊరి మీద పెన్షనరు" అని. పెన్షనరులమైన మనకు ఇంతకంటే తేలికగా ఎవరూ చెప్పలేరు. నా పెన్షను నేను బ్రతికినంత కాలం నాది. ఆ తరువాత నా భార్యకు ఫ్యామిలీ పెన్షను, అదీ కాగితాలు సరిగా ఉంటేనే. ట్రెజరీ ఆఫీసు మాత్రం నాది కాదు కదా!

కాబట్టి మాహ్ లఖా బాయి అడిక్‌మెట్ శిస్తు అనుభవించినది. ఆమె దానధర్మాలు చాలా చేసినదన్నది నిజం. తన ఆస్తిని దిక్కులేని స్త్రీలకు చెందేటట్టు ఏర్పాటు చేసినదని చెబుతారు. మౌలాలి గుట్ట కింద 1792లో తల్లి రాజ్ కున్వర్ కోసం సమాధి తోట కట్టించి, తానూ అక్కడే విశ్రమించినది. కాని నూరేళ్ళ తరువాతి కాలేజీకి జాగీరు రాసి ఇచ్చే అధికారం ఆ కాలంలో ఏ జాగీరుదారుకూ లేదు.

మరి విశ్వవిద్యాలయం ఎలా వచ్చినది? ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా జారీ చేశారు. 1918లో స్థాపన. మొదట్లో అబిడ్సు, గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె ఇళ్ళలో తరగతులు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య చెప్పటమే దాని ప్రత్యేకత. సొంత స్థలం ఎక్కడన్న ప్రశ్నకు పాట్రిక్ గెడ్డిస్ అనే నగర నిర్మాణ నిపుణుని సలహా అడిగారు. చివరకు ఊరికి దూరంగా, గుట్టలు, తుప్పలు, తోటలతో ఉన్న అడిక్‌మెట్ నిలిచింది. జాస్పర్ అనే బెల్జియం దేశపు శిల్పి నమూనాలు గీశాడు. మన జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా గారలను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. 1934 జూలై 5న ఆర్ట్సు కాలేజీకి శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం. ఆ గులాబి రాయి భవనం మెట్ల మీద ఫోటో దిగనివారు ఈ హాలులో ఎందరున్నారు? నేను చదివినది సాయంకాలపు కాలేజీ, అయినా ఫోటో మాత్రం ఆ మెట్ల మీదే దిగాను.

అక్కడ జరిగిన మార్పును గమనించండి. జాగీరు అంటే ఒక మనిషి జీవితానికి ముడిపడిన హక్కు. విశ్వవిద్యాలయం అంటే చావు లేని సంస్థ. మనిషికి ఇచ్చినది మనిషితో పోతుంది. చావు లేని సంస్థకు ఇచ్చినది తిరిగి రాదు. దీని మీద ఇంగ్లండులో ఒక పెద్ద చరిత్రే ఉన్నది.

2016లో మా అమ్మాయి దగ్గరకు లండను వెళ్ళాను. వాళ్ళ ఇల్లు హీత్రూ విమానాశ్రయానికి దగ్గర. విమానాల హోరులో నాకు మధ్యాహ్నం కునుకు పట్టదు. ఒక ఆదివారం మా అల్లుడుగారు, "మామయ్యగారూ, మీకు పాత రికార్డులంటే ఇష్టం కదా" అని హార్మండ్స్‌వర్త్ అనే పక్క ఊరికి తీసుకువెళ్ళారు. అక్కడ ఒక ధాన్యపు కొట్టం ఉన్నది. ఓక్ దూలాలతో కట్టినది, పొడవు నూట తొంభై అడుగుల పైమాటే. కట్టినది 1425 నుంచి 1427 మధ్య. వేసవిలో కొన్ని ఆదివారాలు మాత్రమే తెరుస్తారు. చూపించేవారంతా మనవంటి రిటైరైన ఊరి పెద్దలే, జీతం లేదు.

ఆ ఊరి యాజమాన్యం కథ విని నేను నోటుబుక్కులో రాసుకున్నాను. 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజు, కొద్ది ఏళ్ళకే ఆ ఊరిని ఫ్రాన్సు దేశంలో రువాన్ పట్టణపు మఠానికి ధారపోశాడు. 1086లో దేశమంతా సర్వే చేయించి రాయించిన డూమ్స్‌డే అనే పుస్తకంలో ఆ ఊరు మఠం పేరనే ఉన్నది. మన సేత్వారు అనుకోండి. అక్కడ ఊరి మీద ఇలా ఉండే హక్కును మేనరు అంటారు. రైతులు మఠానికి పనులు చేయాలి, పన్నులు కట్టాలి. పదమూడవ శతాబ్దంలో ఆ రైతులు, మేము పూర్వం రాజుగారి రైతులము, మాకు ప్రత్యేక హక్కులున్నాయి, పుస్తకం చూడండి అని తగువుకు పోయారు. పుస్తకం తెప్పించి చూశారు. అందులో ఊరు మఠానిదనే ఉన్నది. రైతులు ఓడిపోయారు. రెండు వందల ఏళ్ళ నాటి ఒక్క పంక్తి, ఊరి మొత్తం నోరు మూయించింది. రికార్డు గదిలో పనిచేసినవానిగా నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ తరువాత ఫ్రాన్సుతో యుద్ధాలు వచ్చి, పరాయి మఠాల ఆస్తులకు గడ్డుకాలం వచ్చింది. 1391లో విలియం ఆఫ్ వైకమ్ అనే బిషప్పు ఆ మేనరును కొని, తాను స్థాపించిన వించెస్టర్ కాలేజీకి ఇచ్చాడు. ఆ కొట్టం కట్టించినది ఆ విద్యాసంస్థే. ఊరి పంటే పిల్లల చదువు ఖర్చు. నూటయాభై ఏళ్ళు అలా నడిచాక, ఎనిమిదవ హెన్రీ రాజు మఠాల ఆస్తులన్నీ స్వాధీనం చేసుకున్న రోజులలో, ఈ ఊరిని కూడా కాలేజీ నుంచి మారుకు తీసుకున్నాడు. 1547లో అది పేజెట్ అనే దొరకు వెళ్ళింది. ఇప్పుడు కొట్టం ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ చేతిలో ఉన్నది. విమానాశ్రయానికి మూడవ రన్‌వే వేస్తే ఆ ఊరిలో చాలా ఇళ్ళు పోతాయి. 2018లో పార్లమెంటు ఆ ప్రతిపాదనను ఆమోదించింది కూడా. ఊరివాళ్ళు ఇంకా పోరాడుతూనే ఉన్నారు.

చూశారా, రాజు, మఠం, కాలేజీ, మళ్ళీ రాజు, దొర, చివరకు ప్రజలు. మన అడిక్‌మెట్ వరుస ఇంకో రకం. నిజాము, కవయిత్రి, సర్కారు, విశ్వవిద్యాలయం. వాళ్ళకు ఇంకొక చట్టం కూడా ఉండేది. 1279లోనే, రాజు అనుమతి లేకుండా ఎవ్వరూ చర్చికి భూమి ఇవ్వకూడదని శాసనం చేశారు. చర్చికి చావు లేదు, వారసత్వపు రుసుము రాదు, రాజుకు నష్టం. అందుకని ఆ పట్టును "చచ్చిన చెయ్యి" అనే పేరుతో పిలిచారు. మంచి పేరు పెట్టారనిపించింది నాకు.

మన దగ్గర ఆ కత్తి 1949లో దిగింది. అప్పటి హైదరాబాదు రాజ్యంలో సుమారు అరవై శాతం దివానీ, అంటే సర్కారు భూభాగం. ముప్పై శాతం జాగీరులు. మిగిలిన పది శాతం సర్ఫేఖాస్, నిజాముగారి సొంతం. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, 1358 ఫసలీ జాగీరుల రద్దు రెగ్యులేషను 1949 ఆగస్టు 15 నుంచి అమలులోకి వచ్చింది. (కుర్రవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఒక్కోసారి 591.) జాగీరులు సర్కారులో కలిసిపోయాయి, జాగీరుదారులకు పరిహారం. ఇందులో మసీదు, దర్గా, గుడి, సమస్థానం అన్న తేడా ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు రావటానికి డెబ్బయి ఏళ్ళు పైన పట్టింది.

మణికొండ సంగతి చెబుతున్నాను. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా సేవ నిమిత్తం ఇచ్చిన జాగీరు అది. 1,654 ఎకరాల 32 గుంటలు. మేము ఉద్యోగంలో ఉన్న రోజులలో అక్కడ బండరాళ్ళు, సీతాఫలం చెట్లు. తరువాత ఐటీ కంపెనీలు, బిజినెస్ స్కూలు, ఆకాశమంత భవనాలు. 2006లో వక్ఫు బోర్డు అదంతా దర్గాదేనని గెజెట్టులో సవరణ ప్రకటించింది. 2012లో హైకోర్టు బోర్డు వైపు తీర్పు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. జాగీరు రద్దుతోనే భూమి ప్రభుత్వానికి చేరింది, దర్గాకు దక్కేది పరిహారపు సొమ్మే అన్నది తీర్పు సారాంశం. మా మౌల్వీ సాబు చెప్పిన పెన్షను మాటే కదా ఇది! ఆయన ఉండి ఉంటే, ఇంత చిన్న సంగతికి ఇన్ని కోట్ల ఫీజులా అని నవ్వి ఉండేవారు. దర్గావారి వైపున కూడా బాధ లేకపోలేదు. సేవకు ఇచ్చిన ఊరు పోయి, విలువ కోట్లకు చేరిన తరువాత చేతికి మిగిలేది పాత శిస్తు లెక్క మీద కట్టిన సొమ్ము అంటే ఎవరికైనా కష్టమే.

ఇనాముల సంగతి మళ్ళీ వేరు. అక్కడే మన వాళ్ళు దెబ్బ తింటున్నారు. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చినా, ధార్మిక సంస్థల ఇనాములను వేరుగా చూశారు. మా సెక్షనులో పనిచేసిన ఒక మిత్రుడు, పేరు వద్దు, పదవీ విరమణ గ్రాట్యుటీ డబ్బుతో నగరం శివారున రెండు వందల గజాల జాగా కొన్నాడు. ఆయన పోయిన రెండేళ్ళకు ఆమె ఇల్లు కట్టుకుందామని అనుమతికి పోతే, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టం 22-ఏ కింది నిషేధిత జాబితాలో ఉన్నదన్నారు. ఆవిడ కాగితాల సంచీ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, రిజిస్ట్రేషను అయింది, స్టాంపు డ్యూటీ కట్టాం, గవర్నమెంటువాళ్ళే ముద్ర వేశారు. ఇంకేం కావాలి?" అని అడిగింది.

నేను 1954-55 ఖాస్రా పహాణీ నకలు తెప్పించాను. సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు గడిలో ఒక దేవస్థానం పేరు, పక్కన ఇనాం అని ఒక్క మాట. అరవై ఏళ్ళు ఆ కాగితాన్ని ఎవరూ విప్పలేదు. మధ్యలో ఆ భూమిని ముగ్గురు అమ్మారు, ముగ్గురు కొన్నారు. ప్రతి అమ్మకానికీ దస్తావేజు ఉన్నది, లింకు ఉన్నది. మొదటి లింకు మాత్రం గాలిలో ఉన్నది. గుడి భూమిని దేవాదాయ శాఖ అనుమతి లేకుండా అమ్మితే చెల్లదు, 1987 చట్టం స్పష్టంగా చెబుతుంది. ఆమెకు కట్టిన డబ్బు రాలేదు. అమ్మినవారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ప్లాట్లు వేసిన సంఘం బోర్డు కూడా లేదు. కేసు నడుస్తున్నది. ఆమె తరపున నేను ఇప్పటికి పదకొండు వాయిదాలకు వెళ్ళాను.

రిజిస్ట్రేషను అంటే అమ్మకం జరిగిందని సాక్ష్యం. అమ్మినవానికి హక్కున్నదని సాక్ష్యం కాదు. ముప్పయ్యేళ్ళ ఇ.సి. తీసి సంతృప్తి పడేవారికి నేను చెప్పేదేమిటంటే, ఖాస్రా పహాణీ ఒక్కసారి చూడండి, పట్టాదారు గడి చూడండి, ఇనాం, వక్ఫు, దేవస్థానం, సర్కారీ అన్న మాట కనబడితే అక్కడే ఆగండి. ఇప్పుడు భూభారతి అంటున్నారు, అంతకు ముందు 2020లో ధరణి అన్నారు. కంప్యూటరు ఏది చూపినా దాని తల్లివేరు ఆ పాత కాగితమే. ఉర్దూ నకలు ఉన్నవారు నా దగ్గరకు తీసుకురండి. కళ్ళు ఉన్నంతవరకు చదివి పెడతాను. నా ఫీజు ఒక కప్పు టీ, పంచదార లేకుండా.

ఇక తార్నాక. ఇక్కడ సర్కారువారి తోటలకు ముళ్ళ తీగ కంచె ఉండేదని, దాని దగ్గర నాకా, అంటే చౌకీ ఉండేదని, తారు, నాకా కలిసి తార్నాక అయిందని పెద్దలు చెప్పేవారు. ఆ తీగ ఎప్పుడో పోయింది. ఆవరణ చుట్టూ, అంచులలో పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి వచ్చింది. అదే ఏడు ఇంగ్లీషు సంస్థ వచ్చింది. తరువాత భూభౌతిక పరిశోధనా సంస్థ, సి.సి.ఎం.బి. వచ్చాయి. బస్తీలు వెలిశాయి. విశ్వవిద్యాలయం విస్తీర్ణం ఎంతంటే ఒకరు 1,300 ఎకరాలంటారు, ఒకరు 1,600 అంటారు. ఇంత తేడా ఉన్నప్పుడల్లా గుమాస్తాకు ఒక సందేహం వస్తుంది, గట్టు రాళ్ళు కదిలాయా అని. 2015లో అప్పటి ముఖ్యమంత్రి గారు పదకొండు ఎకరాలు పేదల ఇళ్ళకు తీసుకుంటామన్నప్పుడు విద్యార్థులు రోడ్డెక్కారు. నేను పేదల ఇళ్ళకు వ్యతిరేకిని కాను. అయితే చదువుకు ఇచ్చిన నేల మీద ఎవరు చెయ్యి వేసినా, అది పెద్దవారైనా, చుట్టూ గోడ జరుపుకొనే చిన్నవారైనా, ముందు సర్వే చేసి, రాళ్ళు పాతి, లెక్క చెప్పి వెయ్యాలి. అది విద్యార్థులు అడిగితే గొడవ అంటారు. మనం అడిగితే అర్జీ అంటారు. మనకు అర్జీ రాయటం వచ్చు కదా.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. చివరి మాట, ఒక ప్రకటన. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం, వీలున్న సభ్యులం కలిసి ముందు ఆవరణలోని మెట్లబావి చూసి, అక్కడి నుంచి మౌలాలి వెళ్ళదలచాము. మాహ్ లఖా బాయి సమాధి తోటను 2010-11లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధితో బాగుచేశారు. గుట్ట ఎక్కలేనివారు ఎక్కనక్కరలేదు, సమాధి గుట్ట కిందనే ఉన్నది, నీడ ఉన్నది. బస్సు ఖర్చు తలా పంచుకుందాము. మంచినీళ్ళు, బి.పి. మాత్రలు ఎవరివి వారు తెచ్చుకోవాలి. పేర్లు కోశాధికారి గారి వద్ద రాయించండి. మనవలు మనవరాళ్ళను తప్పక తీసుకురండి. వారికి టిక్కెట్టు లేదు.